అడిగే భాష

జర దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను.

లోకల్ రైల్లో నా పక్కన కూర్చున్న ఒక అమ్మాయి కళ్లు మూసుకుని ఏదో వల్లె వేస్తోంది. హైటెక్ సిటీలో ఇంటర్వ్యూ అట.

"ఏంది బిడ్డా, మంత్రమా?" అన్నాను.

నవ్వింది. "డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కూ, క్వెరీ లాంగ్వేజ్‌కూ తేడా ఆంటీ. మొదటిది సమాచారాన్ని భద్రంగ దాచిపెట్టి, అడిగితే తీసిస్తది. రెండోది మనం దాన్ని అడిగే భాష."

"మరి ఎవ్వరూ అడగకపోతే?"

"ఎటూ పోదు ఆంటీ. లోపలనే ఉంటది."

అమ్మ పోయాక ఎన్ని ముచ్చట్లు నాలోనే ఉండిపోయాయో! ఇంట్లో అడిగేవాళ్లు లేరు.

"నాదీ గదే కథ బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల నా వైపు తిరిగి కూర్చుంది. "అయితే నేను అడుగుత. మీ అమ్మ మిమ్మల్ని ముద్దుగ ఏమని పిలిచేది?"

"పిట్ట." ఆ పేరు నా నోట పలికి ఎన్నేళ్లయిందో.

ఇంతలో ఆమె దిగాల్సిన స్టేషన్ వచ్చింది. దిగి, కిటికీ దగ్గరికొచ్చి, "పైలం పిట్టా!" అని జాగ్రత్త చెప్పి, చెయ్యి ఊపి జనంలో కలిసిపోయింది.

ఇప్పటికీ ఆ రైలెక్కితే కిటికీ పక్కనే కూర్చుంటాను.

మిమ్మల్ని ముద్దుపేరుతో పిలిచే గొంతు మీ ఇంట నూరేళ్లు చల్లగా వినబడాలి.