అక్క గొంతు

మొన్న మధ్యాహ్నం మనవరాలు టీవీలో ఏదో పాత సినిమా పెట్టి, కథానాయిక రెండు మాటలు మాట్లాడగానే, ఇది అమ్మమ్మ గొంతేనంటూ ఇల్లంతా పోగుచేసింది. అందరూ ముచ్చటపడి నావైపు చూస్తుంటే నేను పొయ్యి మీద పాలున్నాయని వంకపెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద పాలు లేవు. ఆ సినిమాలో ఆ అమ్మాయికి గొంతివ్వవలసింది నేను కాదు, మా పెద్దమ్మ కూతురు. ఈ సంగతి తెలిసినవాళ్ళలో ఇవాళ మిగిలింది నేనొక్కదాన్నే.

ఎనభైల నడుమ, మద్రాసు నుంచి సినిమా పని కొద్దికొద్దిగా జూబ్లీహిల్స్ కొండల మీదికి తరలివస్తున్న రోజుల్లో, గుంటూరు వైపు నుంచి వచ్చిన మేమిద్దరం డబ్బింగ్ థియేటర్లలో గుంపు గొంతులు చెప్పేవాళ్ళం. పెళ్ళిపందిట్లో అమ్మలక్కల మాటలు, కథానాయిక స్నేహితురాళ్ళ నవ్వులు, అలాంటివన్నమాట. మా ఇద్దరిలో అసలైన గొంతు అక్కది. ఏడుపు సన్నివేశంలో కూడా మాట చెదరకుండా చెప్పేది. అక్క రహమత్ నగర్‌లో ఒక గదిలో ఉండేది. ఆ గదికి ఫోను లేదు కనుక, కబుర్లన్నీ వెంగళరావు నగర్‌లో నేను అద్దెకున్న ఇంటావిడ ఫోనుకే వచ్చేవి. వాటిని అక్కకు చేరవేయడం నా వంతు.

ఒక సాయంత్రం ఇంటావిడ గుమ్మంలోంచే, "మీ అక్కకు జర చెప్పమ్మా, రేపు పొద్దుగాల పదింటికి గొంతు పరీక్షకు రమ్మన్నరట, హీరోయిన్‌కంట," అని చెప్పి వెళ్ళింది. సరేనన్నాను. మర్నాడు పొద్దున్నే ముస్తాబై, అక్కను తీసుకుని ఇద్దరం కలిసే వెళ్దామని ఆటో ఎక్కాను. ఇందులో అబద్ధం లేదు, అంతవరకూ నా ఉద్దేశం అదే. కాని యూసుఫ్‌గూడ దాటి రహమత్ నగర్ మలుపు వచ్చినప్పుడు ఆటో ఆపమనడానికి నాకు నోరు పెగల్లేదు. మలుపు వెనక్కి పోయింది. థియేటర్లో మేనేజరు అక్క ఏదని అడిగితే, చెప్పకుండా ఊరెళ్ళిపోయిందనీ, కావాలంటే ఆ గొంతు నేను చెప్తాననీ అన్నాను.

ఆ సినిమా ఆడింది. తరువాత పదేళ్ళపాటు నా గొంతుకు తీరిక లేదు. చెప్పాపెట్టకుండా ఊరెళ్ళే మనిషన్న పేరు పడి అక్కకు పిలుపులు తగ్గాయి, ఆ పైన ఆగిపోయాయి. ఆమె యూసుఫ్‌గూడలో ఒక చిన్న బడిలో పంతులమ్మగా చేరింది.

మా పెంపకంలో దేవుడంటే ముందు భయం, తరువాతే ప్రేమ. ప్రభువు బల్ల మీది రొట్టె, ద్రాక్షరసం అయోగ్యంగా తీసుకుంటే శిక్షను చేతులారా తెచ్చుకున్నట్టేనని మా చర్చి అయ్యగారు ప్రతి నెలా మొదటి ఆదివారం హెచ్చరించేవారు. ఆ మాట వినగానే తలనొప్పనో ఇంటికి చుట్టాలొస్తున్నారనో బయటికి వచ్చేసేదాన్ని. పక్కన కూర్చున్న అక్క ఒక్కసారైనా కారణం అడగలేదు. అడిగితే బాగుండునని ఒక నెల, అడగకపోతే చాలునని మరో నెల అనుకునేదాన్ని.

తొంభైలు వచ్చాక నా గొంతులో కాయ లేచింది. ఆపరేషను చేసి, నెల్లాళ్ళు నోరు తెరవవద్దన్నారు. దేవుడు లెక్కగా పట్టుకోవలసినచోటే పట్టుకున్నాడనిపించింది. ఆ నెల్లాళ్ళూ బడి అవగానే వచ్చి జావ కాచి పోసింది అక్కే. ఒకరోజు ఇక తాళలేక, మా అమ్మాయి పలక తీసుకుని జరిగినదంతా రాసి ఆమె చేతికిచ్చాను. అక్క నిదానంగా చదివి, పైటకొంగుతో పలక తుడిచేసి, అది జరిగిన వారంలోనే తనకు తెలిసిపోయిందంది. బజారులో మేనేజరు ఎదురై ఊరి నుంచి ఎప్పుడొచ్చావని అడిగాడట. నన్ను అబద్ధాలకోరు చెయ్యలేక ఆమె కాదనలేదట. చాలా రోజులు కోపంతో ప్రార్థన కూడా చేసుకోలేకపోయిందట. తరువాత క్షమించి వదిలేసిందట.

అక్కడితో నా బరువు దిగిపోవలసింది, కాని దిగలేదు. అంత పాపం అంత తేలిగ్గా ఎలా పోతుంది? గొంతు బాగుపడ్డాక అక్కను థియేటర్లకు తీసుకువెళ్తానన్నాను, ఆమె రానంది. పండగకు ఖరీదైన చీర పట్టుకెళ్తే తిరిగి నా సంచిలోనే పెట్టింది. మొదటి ఆదివారాలు నేను బయటికి వచ్చేయడం మాత్రం మానలేదు.

బడి మూతపడి అక్క కాకినాడలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయే ముందు, ఆ నెల మొదటి ఆదివారం, గుడి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది.

"నేను క్షమించానంటే నమ్మవు, ఆయన క్షమించాడంటే నమ్మవు. దేవుడికి భయపడుతున్నాననుకుంటున్నావు గాని, నీ తప్పునే దేవుణ్ణి చేసి కూర్చోబెట్టావే. ఈ ఒక్కసారి నా పక్కన మోకరించు."

వచ్చే నెల తప్పకుండా అన్నాను. వచ్చే నెలకు తానుండదని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు బయటికి మాత్రం పోలేదు, బెంచీలోనే కూర్చుండిపోయాను. అక్క ముందుకు వెళ్ళి, తన పక్కన ఒక మనిషికి చోటు వదిలి మోకరించింది. ఆ చోట్లోకి ఎవరూ రాలేదు.

రెండేళ్ళకు కామెర్లతో అక్క పోయింది. ఆమెను సాగనంపి కాకినాడ నుంచి వచ్చిన తరువాతి మొదటి ఆదివారం నేను లేచి ముందుకు నడిచాను. ఏ పిడుగూ పడలేదు. నాలుక మీద ఎండు రొట్టె, పుల్లటి ద్రాక్షరసం, అంతే. ఇంత దగ్గరలో ఉన్నదాని కోసమా ఇన్నేళ్ళు దూరంగా పారిపోయానని తలవంచుకుని ఏడ్చాను.

ఇప్పుడు మా గుడిలో మోకరించే పని లేదు, చిన్న చిన్న గిన్నెల్లో ద్రాక్షరసం కూర్చున్నచోటికే వస్తుంది. ప్రసంగాల్లో భయమన్న మాటే వినిపించదు, పిల్లలు నవ్వుతూ తీసుకుని నవ్వుతూ ఇంటికి వెళ్తారు. మా తరం వాళ్ళం కొందరం భక్తి పలచబడిందని గొణుక్కుంటాం. నేనూ వాళ్ళతో పాటు తలూపుతాను గాని, లోలోపల ఆ పిల్లల్ని చూసి అసూయపడతాను. నాకు భయం నేర్పిన పెద్దలు వెళ్ళిపోయారు. అది అక్కర్లేదని చెప్పిన మనిషీ వెళ్ళిపోయింది. ఆ మాట ఆమె బతికుండగా నమ్మి ఉంటే, మేమిద్దరం పక్కపక్కన మోకరించిన ఆదివారం ఒక్కటైనా నాకు ఉండేది.