ఒళ్లో పెట్టిన చీర

స్నేహలత బీరువాలో స్నేహలతకు ఉన్నది ఒక్కటంటే ఒక్క అర. నవ్వకండి, నిజం. సంగారెడ్డి పాత బజారులో కాశీనాథ్ ధాన్యం దుకాణం తెలియనివాళ్లు లేరు. ఆ కాశీనాథ్ భార్యే స్నేహలత. పడకగదిలో గోడంత ఇనుప బీరువా, తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే. అయినా ఏం లాభం? పై అర భర్త చొక్కాలకు, కింది అర దుప్పట్లకు పోగా, మిగతా అరలన్నీ పెట్టుడు చీరలే. తన బట్టలు మాత్రం మధ్యలో ఒక్క అరలో ఒకదాని మీద ఒకటి ఊపిరాడకుండా పడి ఉండేవి.

పెట్టుడు చీర అంటే ఎవరూ కట్టుకోని చీర. ఒకరి గృహప్రవేశానికి మనం పెడతాం, వాళ్లు ఇంకొకరి పెళ్లికి పెడతారు, వాళ్లు మరొకరి సీమంతానికి. రంగు ఎవరికీ నచ్చదు, బట్ట ఒంటికి అంటదు. అయినా చీర మాత్రం సంగారెడ్డి నుంచి సదాశివపేటకు, అక్కణ్ణుంచి జోగిపేటకు తిరుగుతూనే ఉంటుంది. ఇచ్చేటప్పుడు ఒక మూలకు పసుపు అద్ది ఇవ్వాలి. పుచ్చుకున్నవాళ్లు ఆ పసుపు మూల లోపలికి పోయేట్టు పైమడత ఒక్కటి తిప్పి, కొత్తదానిలా చేసి దాచేస్తారు. మొత్తం విప్పకూడదు. విప్పితే మళ్లీ ఆ దుకాణం మడత రాదు, ఇక అది ఎవరికీ పెట్టడానికి పనికిరాదు. ఈ విద్యంతా స్నేహలతకు అత్తగారు నేర్పింది. ఆవిడ పోయింది గానీ చీరలు పోలేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో స్నేహలత ఒక ఘోరం చేసింది. ఆడపడుచు పెట్టిన చీరను చూసుకోక తిరిగి ఆడపడుచుకే పెట్టింది. ఆ మహాతల్లి నలుగురి ముందూ మడత తిప్పి, తన చేత్తో అద్దిన పసుపును తానే పట్టేసింది. ఇక చూసుకోండి, ఆ పంచాయితీ ఎన్నాళ్లు నడిచిందో. కాశీనాథ్ నోరెత్తలేదు, అత్తగారు మాత్రం ఎత్తిన నోరు దించలేదు. అప్పట్నుంచి స్నేహలత ఒక ఉపాయం పట్టింది. వచ్చిన ప్రతి చీరకూ మడత సందులో చెయ్యి పెట్టి, లోపలి చెరగు మూలన ఒక్క కుట్టు వేసేది. ఆడపడుచు ఇంటి నుంచి వస్తే ఎర్రదారం, మరుదుల ఇళ్ల నుంచి వస్తే నల్లదారం. దుకాణంలో బస్తా మూతికి వేసే ముడి ఉంటుందే, అదే వేసేది. లాగితే ఇంకా బిగుస్తుంది తప్ప ఊడదు. ఆ చీరను వేరేవాళ్లకు పెట్టేనాడు కత్తెరతో కుట్టు తెంపేసేది. మళ్లీ ఎప్పుడూ పొరపాటు జరగలేదు. జరగలేదనే అనుకుంది పాపం.

ఆ గుట్టలన్నిటికీ వెనక, తన అరలో గోడవైపు, తెల్లటి పంచె గుడ్డలో చుట్టిన ఒక చీర ఉండేది. ఆకుపచ్చ పట్టు, మెరూన్ అంచు. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. దానికి ఏ దారమూ కుట్టలేదు కూడా, ఎందుకంటే అది ఎవరికీ పెట్టేది కాదు. అది పుట్టింటి చీర.

స్నేహలతది కంది అనే ఊరు. తండ్రికి అక్కడ చిన్న కిరాణం, రోడ్డుకు ఆనుకుని కొంత మెట్ట చెలక ఉండేవి. తమ్ముడు శ్రీధర్‌ను చంకనేసుకుని తిప్పింది, ముక్కు తుడిచింది, బడికి తోలింది అన్నీ ఆమే. తండ్రి ముందే పోయాడు. తల్లి పోయాక స్నేహలతకు ఒకటే బెంగ పట్టుకుంది, ఇక తనను రమ్మని పిలిచేవాళ్లు ఎవరున్నారని. అలాంటి రోజుల్లో శ్రీధర్ వచ్చాడు. పక్కన పెద్ద చదువుల క్యాంపస్ వచ్చాక కందిలో చెలక ధరకు రెక్కలొచ్చాయి. అమ్ముదామంటే అక్క సంతకం కూడా కావాలన్నారట. కాశీనాథ్ మొహం ముడుచుకున్నాడు, నీ భాగం సంగతేమిటని గొణిగాడు. స్నేహలత వినలేదు. చెలక ఉంచుకుని తమ్ముణ్ణి పోగొట్టుకోనా అంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫొటో దిగింది, వేలిముద్ర వేసింది, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. తనకేమీ వద్దని రాసిన కాగితాన్ని చదవను కూడా లేదు.

అక్కణ్ణుంచి శ్రీధర్ ఆమెను నేరుగా పటాన్‌చెరులోని తన ఇంటికి తీసుకెళ్లాడు. ఆ మధ్యాహ్నమే ఆమెకు ఒడిబియ్యం పోశారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ముత్తయిదువలు దోసిళ్లతో ఆమె కొంగులో పోస్తుంటే స్నేహలత కళ్లు నిండిపోయాయి. ఒడిబియ్యం పోసేవాళ్లున్నంత కాలం ఆడదానికి పుట్టిల్లు ఉన్నట్టే గదా! నిజానికి కొత్త చీర కట్టించి బియ్యం పోయాలి. ఫాల్ కుట్టించే టైం లేకపోయె వదినె, ఒళ్లో పెడతం, ఇంటికి పోయి కట్టుకో అని మరదలు చీరకు పసుపు అద్ది ఒళ్లో పెట్టింది. స్నేహలత కళ్లకద్దుకుంది. ఇంటికొచ్చి మడత కూడా కదపకుండా పంచె గుడ్డలో చుట్టి దాచుకుంది. పుట్టింటి చీర ఒకరికి ఇవ్వకూడదు, తానే కట్టుకోవాలి. కూతురి పెళ్లిలో కట్టుకుందామని ఆమె ఆశ. అత్తగారు ఎప్పుడైనా ఎత్తిపొడిస్తే గదిలోకి వచ్చి, బీరువా తెరిచి, ఆ మూటను ఒకసారి తడిమి పోయేది. అంతే, గుండె నిమ్మళించేది.

కూతురు రచన సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ చూస్తుంది. అక్కడ ఏ వస్తువు ఉండాల్సిన చోట అది లేకపోతే ఆ పిల్లకు నిద్రపట్టదు. ఒక ఆదివారం పొద్దున్నే కొంగు బిగించినట్టు చున్నీ నడుముకు చుట్టి, బీరువా ఖాళీ చేస్తానని కూర్చుంది. ఏడాదిగా ముట్టనిదేదైనా సరే బయటికి పోవాల్సిందే అంది. స్నేహలత మొదట లబలబలాడింది, తర్వాత కాళ్లకు అడ్డుపడింది, చివరికి ఓడిపోయి మంచం మీద కూర్చుని చీరలు అందించసాగింది. గుట్టలు పెరిగాయి. ఈ పసుపు పచ్చది ఎవరు పెట్టారో, ఈ ఊదా రంగుది ఎవరి పెళ్లిదో ఆమె దారం చూసి చెబుతుంటే రచన నవ్వి నవ్వి మంచానికి ఒరిగింది. ఇల్లా, బట్టల గోదామా అంది. స్నేహలతకూ నవ్వొచ్చింది. అరలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతుంటే ఒళ్లు తేలికైనట్టే ఉంది ఆమెకు. తన చీరలు మూడు అరల్లో విడివిడిగా పెట్టుకోవచ్చని ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు పంచె గుడ్డ మూట బయటికొచ్చింది. దాని జోలికి పోకు, అది మీ మామ పెట్టింది అంది స్నేహలత. రచన మూటను ఒళ్లో పెట్టుకుని తల్లి వైపు చూసింది.

"వచ్చే ఆదివారం మామ బిడ్డ ఫంక్షనే గదా. గిదే కట్టుకోరాదే అమ్మా. మామ సూస్తే ఎంత సంబురపడతడు."

ఆ మాటకు స్నేహలత మొహం వెలిగింది. తమ్ముడి కూతురికి మొదటిసారి చీర కట్టించే వేడుక, తాను మేనత్త, పుట్టింటి చీరలో పోయి నిలబడితే ఆ అందమే వేరు. ఇన్నేళ్లూ ఈ ఆలోచన తనకెందుకు రాలేదని తన తలను తానే మొట్టుకుంది. సరే, ఫాల్‌కు ఇద్దాం, విప్పు అంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మంచం మీద పరిచారు. పట్టు మెరిసిపోతోంది. ఒక మూలన మరదలు అద్దిన పసుపు, అది ఉండేదే. రచన తన వైపు కొస పట్టుకుని, ఇక్కడ కూడా ఉందేంటమ్మా అంది. అక్కడ రెండో మూల. ఆ కింద మూడోది, పాతబడి గోధుమరంగుకు తిరిగిన పసుపు. నాలుగో మూల ఒక్కటే శుభ్రంగా ఉంది.

స్నేహలత లోపలి చెరగు దగ్గరికి లాక్కుంది. మూలన ఎర్రదారం. ఒక్క కుట్టు. బస్తా ముడి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఏదీ మిగలకుండా. తమ్ముడు పటాన్‌చెరులో ఇల్లు కట్టుకున్న ఏడాది వానల్లేక దుకాణం డీలా పడింది. గృహప్రవేశానికి బీరువాలోంచి ఏదో ఒకటి తీసి పెట్టు అన్నాడు కాశీనాథ్. ఆడపడుచు పెట్టిన చీర ఒకటి తీసి, సిగ్గుతో చస్తూ, హడావిడిలో పైమడత తిప్పి, పసుపు అద్ది మరదలికి పెట్టింది. కుట్టు తెంపడం మరిచింది. పైన కనిపించేది అరచేతి వెడల్పు మడతే, తిరిగొచ్చినప్పుడు ఎలా గుర్తుపడుతుంది? అదే చీర. కంది చెలకకు, చంకనేసుకుని తిప్పిన దానికి, వేసిన వేలిముద్రకు బదులుగా తన ఒళ్లోకి వచ్చి పడింది అదే. దాన్నే ఇన్నేళ్లూ దేవుడి గుడ్డలా దాచుకుంది.

ఆమె ఏడవలేదు. ఒళ్లంతా మంట పుట్టింది. తమ్ముడి మీదా, మరదలి మీదా, అంతకంటే ఎక్కువ తన మీదా. వంక పెట్టడానికి కూడా తనకు నోరు లేకుండా పోయింది గదా, తానూ ఇచ్చింది ఎవరూ కట్టని చీరే గదా! కానీ తాను పెట్టింది ఇంటి పండక్కి. వాళ్లు పెట్టింది పుట్టింటి చీర కింద.

రచనకు విషయం చెప్పడానికి చాలాసేపు పట్టింది. విని ఆ పిల్ల ముందు నమ్మలేదు, తర్వాత మామకు ఫోన్ చేస్తానని లేచింది. స్నేహలత చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మామకు తెలిసి ఉండకపోవచ్చు, చీరల సంగతి మగవాళ్లకేం తెలుసు అని రచనే సర్దిచెప్పబోయింది.

"తెల్వకుండొచ్చు బిడ్డా. అక్కకు ఏం పెడుతున్నమని ఒక్కసారన్న అడిగిండా అని నా బాధ."

ఆ మాట అని లేచి, దేవుడి గదిలోంచి పసుపు తెచ్చింది. నాలుగో మూలకు అద్దింది. దుకాణం మడత రాదు గదా, వచ్చినట్టు మడిచింది. నాలుగు పసుపు మూలలూ పైకే ఉండేట్టు, ఎర్రదారం బయటికి కనబడేట్టు. పుట్టింటి చీర ఇయ్యరాదంటారు గదమ్మా అని రచన మెల్లగా అంటే, పుట్టింటిదైతే గదా అంది.

ఫంక్షన్ హాలు నిండా జనం. మేనకోడలికి స్నేహలత కొత్త బట్టలే కొనుక్కెళ్లింది, చిన్నపిల్ల చేసిన తప్పేముంది? తన చేత్తో బొట్టు పెట్టి ఆశీర్వదించింది. తర్వాత మరదలికి బొట్టు పెట్టి ఆ చీర చేతిలో ఉంచింది. ఉంచి, కదలకుండా అక్కడే నిలబడింది. మరదలు చూడాలి. చూసి మొహం మాడాలి. ఒక్క మాట, సంజాయిషీ అయినా సరే, తిట్టయినా సరే, రావాలి. వారమంతా ఆ ఒక్క క్షణం కోసమే గడిపింది ఆమె.

మరదలు చీరను కళ్లకద్దుకుంది. ఫొటో తీసేవాడి వైపు నవ్వింది. చూపైనా దించకుండా దాన్ని పక్కనున్నామె చేతికిచ్చింది, ఆమె వెనక గుట్ట మీద పడేసింది. దాని మీద ఇంకో చీర పడింది, ఆ పైన మరొకటి. అంతే, అయిపోయింది. ఏ ఊరికి పోతుందో, ఎవరి ఒళ్లో పడుతుందో ఇక.

మరదలు ఇంకో గుట్టలోంచి ఒక చీర లాగి, మూలకు పసుపు అద్ది, ఇది నీకు వదినె అని చాపింది. స్నేహలత చేతులు చాపలేదు. వద్దంది. శ్రీధర్ నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"ఏందక్కా, ఇంటి ఆడబిడ్డవు, ఉత్త చేతుల్తోని పోతవా? తీస్కో."

"వద్దు తమ్మీ. నా బీరువాల జాగ లేదు."

ఇంకో బీరువా కొనమని బావకు చెబుతానులే అని శ్రీధర్ గట్టిగా నవ్వి, వేరేవాళ్లను పలకరించడానికి వెళ్లిపోయాడు. పక్కనే ఉన్న రచన తల ఎత్తలేదు. తల్లి అరను ఆ పొద్దున తన చేతులతోనే తుడిచి, కొత్త పేపరు పరిచి, ఖాళీగా వదిలేసి వచ్చింది.