మేనమామ చదివిన పిట్టలు

ఆళ్లగడ్డలో మా మేనమామ రిటైరైన టీచరు. ఆ తర్వాత పూర్తిగా చెవుడొచ్చింది. నంద్యాల డాక్టరిచ్చిన చెవి మిషను గూట్లో పడేసి, పొద్దున్నే వేపచెట్టు కింద ఫోను పైకెత్తి నిలబడేవాడు. పిట్ట కూస్తే యాప్‌లో దాని పేరు పడేది. అది చదివి, ఒక కూత పట్టేంతసేపు కళ్లు మూసుకునేవాడు.

ఒకరోజు జెముడుకాకి అని పడింది.

"ఎట్ల కూస్తాందిరా?" అనడిగాడు.

పక్కనే ఉన్నా నేను వినలేదు. తల అడ్డంగా ఊపాను.

"చెవులుండి ఏం లాభంరా నీకు?" అని, తనే గొంతులోంచి "గుప్, గుప్" అంటూ కూసి చూపించాడు.

ఆయన్ను మట్టి చేసి వచ్చిన మర్నాడు అదే ఫోనుతో అదే చెట్టు కింద నిలబడ్డాను. పేర్లు ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉన్నాయి. అన్నీ చదివాను. ఒక్క కూతా చెవిన పడలేదు.