పసుపు పువ్వు దొరికే చోటు

బెంగళూరులోని ఆ కాలేజీలో, ఎండబెట్టిన మొక్కలు దాచే గదికి గంగులప్పే దిక్కు. భూతద్దం పట్టుకుని ఆకు రెబ్బలు లెక్కపెట్టి పేరు చెప్పేస్తాడు. మొక్క మీద ఊపిరి పడకుండా ముఖం పక్కకు తిప్పుకునే మాట్లాడతాడు.

ఆ రోజు స్టూడెంటు మేఘన ఒక అట్ట తెచ్చింది. దాని మీద ఎండబెట్టి అతికించిన అయిదు రేకుల పసుపు పువ్వు, పొటెంటిల్లా. లేబుల్ మీద చెరువు పేరు, ఇరవై ఏళ్ల కిందటి గంగులప్ప చేతిరాత.

“అంకుల్, ఇది లైవ్‌గా కావాలి. ఆ చెరువుకెళ్తే అన్నీ ఇళ్లే!”

“అప్పట్లో నీళ్లు తగ్గితే బురద నిండా పసుపు పూలే తల్లీ. ఇప్పుడు మూడో క్రాసు వీధిలో నీలం గేటిల్లు ఉండాది సూడు, ఆ చోటే.”

“ఎవరిల్లది?”

ముఖం తిప్పుకోవడం మరిచిపోయాడు గంగులప్ప. ఎండు పువ్వు మీదే ఊపిరి వదిలాడు.

“నాదే.”