ఒడిబియ్యం తమ్ముడు

బక్కమ్మకు ఆస్తి అంటూ ఏమన్నా ఉందంటే అది ఆమె నోరే. రేకుల ఇల్లు, హమాలీ చేసి చేసి నడుము పోగొట్టుకున్న మొగుడు రాజమౌళి, వరంగల్ మిర్చియార్డులో తాలుకాయలు ఏరి మొద్దుబారిన వేళ్లు, ఇవి ఆ వాడలో ఇంటింటికీ ఉన్నవే. ఆ నోరు మాత్రం ఇంకొకరికి లేదు. నల్లా దగ్గర వరస తప్పినా, రేషన్ షాపులో తూకం తప్పినా లేచేది. ఎవరి దగ్గరా చాయ్ కూడా ఊరికే తాగని మనిషి కాబట్టి ఆ నోటికి అడ్డు లేదు. "పెట్టినోని ముంగట నోరు లేవది" అనేది ఆమె మాట. ఎలక్షన్లప్పుడు అదే గల్లీలోని శకుంతల ఎవరి దగ్గరో కుక్కర్ తీసుకుందని తెలిసి, నల్లా దగ్గర పదిమందిలో "ఏం శకుంతలా, కుక్కర్ల పప్పు ఉడికిందా, సిగ్గు ఉడికిందా?" అని అడిగింది. శకుంతల ఆ ఎండాకాలమంతా పక్క గల్లీ నల్లాకు పోయి నీళ్లు మోసుకుంది.

అటువంటి బక్కమ్మను కమ్యూనిటీ హాలు కమిటీలో వేశారంటే వింతేముంది? వాడలో పెండ్లయినా, చావు దినమైనా రోడ్డుమీద టెంటే. వాన పడితే విస్తరిలో చారెంతో నీళ్లెంతో తెలియదు. ఎన్నో ఏండ్లు తిరిగితే హాలు మంజూరైంది. టెండర్లు చాలామంది వేశారు, వడపోతలో ఇద్దరు నిలిచారు. రేట్లు ఇద్దరివీ దాదాపు ఒక్కటే. అందుకని వాళ్లు ముందు చేసిన పనులు చూసి, వాడ కమిటీ చెయ్యెత్తి తేల్చాలన్నారు. కమిటీకి పెద్ద రిటైరైన బడిపంతులు సుందర్ రావు సారు. మరో మగమనిషి కిరాణా కొట్టాయన. ఆడవాళ్లు ముగ్గురు: బక్కమ్మ, శకుంతల, కళావతి.

ఐదుగురూ ఆటోలో పోయి పనులు చూశారు. మొదటిది మహిపాల్ అనే కాంట్రాక్టరు కట్టిన అంగన్‌వాడీ. కట్టి ఎక్కువ కాలం కాలేదు, స్లాబంతా చెమ్మ మరకలు. పిల్లల చాపలు ఒక మూలకు గుంజి పెట్టారు. బక్కమ్మ నడుం మీద చేతులేసుకొని పైకి చూసింది.

"ఇది స్లాబా, జల్లెడా?"

రెండోది పక్క వాడలోనే ఉండే కుమారస్వామి కట్టిన బడి గది. గోడను గుద్ది చూసింది, మడమతో గచ్చును తన్ని చూసింది. "వీడెవడో సిమెంటును సిమెంటనే అనుకున్నడు" అంది. ఆమె మెప్పుకోలు అంతకంటే పొడుగు ఉండదు. ఓటు ఎటో అప్పుడే తేలిపోయిందని సుందర్ రావు సారు కూడా అనుకున్నాడు.

ఆ వారమే ఒక పొద్దున బక్కమ్మ ఇంటి ముందు కారు ఆగింది. మహిపాల్ దిగాడు. వెనుక అతని భార్య ప్రేమలత, చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం.

"అక్కా, టెండర్ ముచ్చట నా నోట్లె నుంచి వస్తే చెప్పుతోని కొట్టు" అన్నాడు మహిపాల్ గడపలోనే. "మీ తల్లిగారు తొర్రూరు దిక్కు పెండ్యాలోళ్లట గదా? మేం గూడ పెండ్యాలోళ్లమే. ఇన్నేండ్ల సంది ఇదే పట్నంల ఉండి ఆడిబిడ్డ ఎవలో ఎరుకలేక పాయె. మా సిగ్గు మేం తీసుకున్నట్టే గదా?"

ప్రేమలత గుడ్డ తీసింది. పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ. వాటి కింద చీర.

బక్కమ్మ నోరు అక్కడే పడిపోయింది. ఆడబిడ్డను పీటమీద కూర్చోబెట్టి, ఒడిలో బియ్యం పోసి, చీర పెట్టడమంటే నీకు తల్లిగారిల్లు ఉందని నలుగురిలో చెప్పడం. ఆమె ఒక్కగానొక్క తమ్ముడు సాయిలు పొలంలో పాము కరిచి పోయిన నాటి నుంచి ఆ ఒడిలో గింజ పడలేదు. ప్రతి జాతరకూ మేడారం పోయి సమ్మక్క తల్లికి ఒడిబియ్యం పోసి వచ్చేది. తన ఒడి మాత్రం ఖాళీ. వాడలో ఎవరి ఇంటికి అన్నదమ్ములు బియ్యం మూట పట్టుకొని వచ్చినా, ఆ రోజు ఏదో పని పెట్టుకొని బజారుకు పోయేది. ఎందుకు పోతుందో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఆడవాళ్లందరికీ తెలుసు.

పీట వేసుకొని కూర్చుంది. కొంగు పట్టింది. బియ్యం పడుతుంటే వెక్కి వెక్కి ఏడ్చింది. "ఏడ్వకక్కా, నేనున్న గదా" అన్నాడు మహిపాల్. అతని కండ్లల్లో కూడా తడి కనబడింది. మరి అది నిజమో, కారు కిటికీ తీసి వచ్చిన దుమ్మో.

కారు మలుపు తిరిగాక రాజమౌళి మంచం మీది నుంచి అన్నాడు. "నీ తల్లిగారి ఇంటిపేరు ఆనికెట్ల ఎరుకైందే? హాలు రాంగనే అక్క యాదికొచ్చిందా?"

"నా దిక్కు ఒక మనిషి వస్తే చాలు, నీ కండ్లల్ల కారం."

"కారం నా కండ్లల్ల ఎందుకుంటదే, జన్మంత మిర్చి ఏరింది నువ్వాయె."

"ముసలోడా, మూసుకొని పండు!"

ఒడిబియ్యం దాచుకునేవి కావు, వండి నలుగురు ముత్తైదువలకు పెట్టాలి. బక్కమ్మ గల్లీ అంతా పిలిచింది. బొట్టు పెట్టి మరీ పిలిచింది. పక్క వాడ నుంచి కుమారస్వామి భార్య చిలుకమ్మను కూడా పిలిచింది, తన సంబరంలో ఆమె ఎవరి భార్యో ఆలోచించనే లేదు. శకుంతల, కళావతి మాత్రం రాలేదు. ఓర్వలేక రాలేదనుకుంది బక్కమ్మ.

బంతిలో ఎవరో అడిగారు: "మీ తమ్ముడు కట్టిన అంగన్‌వాడీ కురుస్తాందట గదా అక్కా?"

"ఆ యేడు వానలు గట్ల పడ్డయి. గంత వానకు స్లాబేం చేస్తది పాపం?" అంది బక్కమ్మ అన్నం వడ్డిస్తూ. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే తెలియలేదు. చిలుకమ్మ తలెత్తి ఒకసారి చూసింది. మళ్లీ విస్తరిలోకి వంగి తినేసింది. పోయేటప్పుడు ఆచారం ప్రకారం బక్కమ్మకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, "సల్లగుండు పెద్దమ్మా" అని పోయింది.

కమిటీ కూర్చునే రోజు వచ్చింది. ఒడిబియ్యం చీర మంచి పనికి కట్టుకుంటే తమ్ముని ఇంటికి శుభం. బక్కమ్మ కట్టుకుంది. ఆకుపచ్చ చీర, జానెడు జరీ అంచు, అంచు నిండా వరసగా ఏనుగులు. బడి వరండాలో కుర్చీలు వేశారు, వాడంతా చుట్టూ మూగింది. ఆమె కావాలనే జర ఆలస్యంగా, కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

శకుంతల ఎర్ర చీరలో కూర్చుంది. అంచు నిండా ఏనుగులు. కళావతి పసుపు చీరలో కూర్చుంది. అవే ఏనుగులు.

వెనుక నుంచి ఎవడో అన్నాడు. "ఏనుగులు మూడు, మావటోడు ఒక్కడు!"

వరండా అంతా నవ్వింది. సుందర్ రావు సారు కండ్లద్దాలు తుడుచుకునే పని పెట్టుకున్నాడు. బక్కమ్మ కుర్చీలో కూలబడింది.

"శకుంతలా, నీకు గూడనా?" అని గొణిగింది.

"నీకంటె ముందు నాకే పోసిండు. నాది వాళ్ల మేనత్త ఇంటిపేరట. నువ్వు పిలిచిన నాడే నేనూ సప్పుడు గాకుండ వండుకున్న, రెండింట్ల ఎట్ల తింట?"

"కళావతీ?"

"నాకు ఇంటిపేరు గూడ కలవలే వదినా. వట్టిగనే అక్క అన్నడు" అంది కళావతి, తల దించుకొని.

ఎదురుగా కుర్చీలో మహిపాల్ కూర్చున్నాడు, ఏమీ ఎరగనట్టు. రెండో కుర్చీలో కుమారస్వామి నేలను చూస్తున్నాడు. అతను నవ్వి ఉంటే బక్కమ్మకు తేలికగా ఉండేది. నాలుగు తిట్లు తిట్టి బయటపడేది. అతను నవ్వలేదు. ఆమె చీర కంటబడకుండా ఉండాలని, ఆమె కోసమే తల దించుకున్నట్టు ఉంది.

సుందర్ రావు సారు గొంతు సవరించుకున్నాడు. మహిపాల్‌కు చెయ్యెత్తమన్నాడు. శకుంతల, కళావతి ఎత్తారు. కుమారస్వామికి ఎత్తమన్నాడు. సారు, కిరాణా కొట్టాయన ఎత్తారు. ఇక మిగిలింది ఒక్క చెయ్యి.

"బక్కమ్మా?" అన్నాడు సారు.

"అక్కా" అన్నాడు మహిపాల్ మెల్లగా, రెండు చేతులూ జోడించి.

ఆ పిలుపుతో ఆమెకు ఒళ్లంతా మంటలు లేచాయి. చెయ్యి విసురుగా కుమారస్వామి దిక్కు లేచింది.

మహిపాల్ కుర్చీ వెనక్కి తన్ని నిలబడ్డాడు. "తోడబుట్టినోని కడుపు మీద కొడితివక్కా!"

"థూ! తోడబుట్టినోడు చీరలు తానులకు తానులు తెస్తడారా? నన్నొక్కదాన్ని అక్క అనుంటే..."

అంతవరకు అని ఆపేసింది. జనం ఆ మిగతా సగం వినలేదు. చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. "బక్కమ్మనా మజాకా!" అన్నారు.

మిగతా సగం ఏమిటో ఆమెకు ఒక్కదానికే తెలుసు. తననొక్కదాన్నే అక్క అని ఉంటే, ఆ రెండు చీరల మీద ఏనుగులు లేకుండా ఉంటే, ఈ చెయ్యి ఆ జల్లెడ కట్టినవానికే లేచేది. న్యాయానికి లేవలేదు. ఒళ్లు మండి లేచింది.

ఆ తర్వాత వాడంతా ఒకటే పొగడ్త. "చీర పెట్టినా లొంగలే" అని నల్లా దగ్గర ఆమెకు ముందు వరస ఇచ్చారు. శకుంతలను ఒకామె ఎత్తిపొడవబోతే బక్కమ్మ బిందె సగం నింపుకొని ఇంటికి వచ్చేసింది. ఆమెకు ఎన్ని తిట్లు వచ్చో అన్ని తిట్లూ తనకే సరిపోతున్నాయి. చీర వాపసు చేద్దామంటే తిన్న అన్నం వాపసు చేయగలదా? మహిపాల్ మీద కోపం రెండు రోజుల్లోనే చల్లారింది. అతని వ్యాపారం అతను చేశాడు. పీటమీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చింది మాత్రం తాను. ఆ ఏడుపు తలుచుకుంటే చెవులు కాలేవి.

హాలు పనికి కొబ్బరికాయ కొట్టే ముందురోజు కుమారస్వామి, చిలుకమ్మ వచ్చారు. చిలుకమ్మ చేతిలో కుంకుమ భరిణె.

"పెద్దమ్మా, రేపు మొదటి గడ్డపార నువ్వే వెయ్యాలె" అన్నాడు కుమారస్వామి. "నువ్వు నిజం దిక్కు నిలబడ్డవ్."

"నేను వెయ్య." బక్కమ్మ గోడను చూస్తూ అంది. "నిజం దిక్కు నిలబడలే బిడ్డా. ఆడు నన్నొక్కదాన్నే అక్క అనుంటే నీ నోటి కాడి కూడు ఆనికి పెట్టేదాన్ని. ఆల్లిద్దరికి గూడ పోసిండని కోపమొచ్చింది, గంతే. నన్ను మెచ్చుకోకు."

ఇంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడటం రాజమౌళి కూడా ఎన్నడూ వినలేదు. మంచం మీద లేచి కూర్చున్నాడు.

చిలుకమ్మ అంది: "గది నాకు ఎరుకే పెద్దమ్మా."

"ఏమెరుక?"

"నువ్వు పిలిచిన నాడు ఆ అన్నం ఎవని బియ్యమో ఎరుకయ్యే తిన్న. శకుంతల ఇంటికి, కళావతి ఇంటికి గూడ మహిపాల్ పోయిండని నీకు తప్ప గల్లీల అందరికి ఎరుకే. నీకు చెప్దామనే వచ్చిన. ఇంతట్ల నువ్వు 'మా తమ్ముడు, మా తమ్ముడు' అనుకుంట వడ్డిస్తివి. ఆ సంబురం చూసి ఎట్ల చెప్పబుద్ధైతది? మా పని పోతే పోనీ, ఇంకోటి దొరుకుతదనుకున్న."

బక్కమ్మ తలెత్తలేదు. బంతిలో కూర్చున్న ఆడవాళ్లందరూ ఒక్కొక్కరే కండ్ల ముందుకు వచ్చారు. అందరూ తెలిసే తిన్నారు. అందరూ జాలిపడి తిన్నారు. జీవితమంతా ఎవరి దగ్గరా చాయ్ ఊరికే తాగని మనిషికి వాడ వాడంతా కలిసి ఇంత దయ పెట్టిందన్నమాట. ఎవరన్నా ముఖం మీద ఉమ్మినా ఇంతకంటే బాగుండేది.

చిలుకమ్మ ఆమె గదుమ పట్టుకొని బొట్టు పెట్టింది. "గడ్డపార వెయ్యకుంటె వెయ్యకు. రాక మాత్రం తప్పద్దు."

మర్నాడు పాత చీర ఒకటి కట్టుకొని పోయింది. కిరాణా కొట్టు అరుగు పక్కన, జనం వెనుక నిలబడింది. సుందర్ రావు సారు చూసి చెయ్యి ఊపాడు.

"ముందటికి రా బక్కమ్మా! కమిటీ మనిషివి, అక్కడ నిలబడ్డవేంది?"

"కానియ్యుండ్రి సారూ," అంది బక్కమ్మ, "ఈడికెంచి కనబడ్తాంది."