పెంచల్ రాసిన తొమ్మిదో వ్యాసం

సంపాదకురాలు విజయకుమారి గారు ఫోన్ చేసి పదమూడో వ్యాసం అడిగారు. "ఏడాదైంది గదా పెంచల్ గారూ! ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి. రాయడం మీకేమిచ్చిందో రాయండి, పాఠకులు ఎదురు చూస్తున్నారు."

ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మెలు లాగే పని ముగిశాక, పెంచల్ గోనెసంచి మీద చతికిలబడి, తడిచేతులు లుంగీకి తుడుచుకుని, వెబ్ పత్రికలో వచ్చిన తన పాత వ్యాసాలు ఒక్కొక్కటే తెరిచాడు. నెలకొకటి చొప్పున పన్నెండు. ఇంటర్ మధ్యలో మానేసినవాడు. కావలిలో కిలోల లెక్కన అమ్మే పాత పుస్తకాలు తెచ్చుకుని, ఎవరూ చెప్పకుండానే చదవడం నేర్చినవాడు. చదివినకొద్దీ సముద్రపొడ్డున ఉన్న తన పాలెం ఇరుకైంది, నోరు చేదైంది. ఆ చేదంతా ఈ పన్నెండింటిలో పోశాడు.

నాలుగోదాంట్లో అక్క సుభాషిణి పెళ్లినాటి రభస రాశాడు. అక్క రెండు నెలలు మాట్లాడలేదు. ఆరోదాంట్లో, రాయికి పసుపు పూసి గంగమ్మ అని పేరు పెట్టి దానికే భయపడే ఊరని వెక్కిరించాడు. దానికి అక్క మొగుడు గణేష్ బావ నవ్వి ఊరుకున్నాడు. తొమ్మిదోది నాన్న గురించి. దాన్ని తెరవకుండా వేలు ఆగిపోయింది.

ఊళ్లో తాను మామా అని పిలిచే ఓబయ్య పడవలో నాన్న వేటకు పోయి తిరిగి రాలేదు. పెంచల్‌కి అప్పుడు పదకొండేళ్లు. గాలివానలో జారిపడ్డాడనీ, చీకట్లో ఎవరూ చూడలేదనీ పడవలోవాళ్లు చెప్పారు, ఊరు నమ్మింది. మూడోనాడు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఈ పదిహేనేళ్లలో వేట నుంచి ఒడ్డుకొచ్చిన ఓబయ్య, అమ్మ కామాక్షమ్మ గంపలో చేపలు వెయ్యకుండా ఒక్కనాడూ ఇంటికి పోలేదు. ఆ చేపలు అమ్ముకునే కామాక్షమ్మ పిల్లలిద్దరినీ సాకింది.

వ్యాసంలో ఇదంతా రాశాక ముగింపు కుదరలేదు. రెండు రోజులు విసుక్కున్నాడు. మూడోరోజు ఒక వాక్యం తట్టింది: 'నాన్న వేసిన కేక ఓబయ్య మామ విన్నాడు, విని కూడా ఇంజను ఆపలేదు.' అది ఎవరూ చెప్పింది కాదు. రాయగానే వ్యాసం నిలబడింది. కన్నీళ్లు ఆగలేదని ఎక్కడెక్కడివాళ్లో రాశారు. పెంచల్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఇప్పుడు సముద్రంలో వేటకు సర్కారు నిషేధం పెట్టిన రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, జనానికి పని లేదు. నెల్లూరులో చదువుకునే మధుబాబు ఆ వ్యాసాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మూడు రోజుల్లో పెద్దకాపు కబురు పంపాడు. అతని మాట పాలెంలో ఎవరూ దాటరు. నిషేధం ముగిసే సాయంత్రం, పడవలు దించేముందు, గంగమ్మ ఎదుట పెంచల్ అరచేత్తో కర్పూరం ఆర్పి, రాసింది నిజమో కల్పనో చెప్పాలి. నిజమంటే ఓబయ్య కూడా ఆర్పి జవాబు చెప్పాలి. అబద్ధానికి కర్పూరం ఆర్పినవాణ్ణి గంగమ్మ ఒక్కణ్ణే తీసుకోదనీ, వాడెక్కిన పడవను మొత్తంగా తీసుకుంటుందనీ పాలెంలో పసివాళ్లకు కూడా తెలుసు. ఓబయ్య పడవలో పోయేది అతనితో కలిపి ఆరుగురు. అందులో ఒకడు గణేష్.

ఆ ముందురోజు మధ్యాహ్నం ఓబయ్య ఐస్ ఫ్యాక్టరీకి వచ్చాడు. డెబ్బైకి దగ్గర పడ్డవాడు, ఇంకా చుక్కాని ఎవరికీ ఇవ్వలేదు. వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"నా మీద రాసినావంట గదరా. చదువు, ఇంటాను."

"ఇప్పుడెందుకులే మామా."

"చదవరా! ఊరందరి చేతా చదివించినావు, నాకు చదవలేవా?"

పెంచల్ చదివాడు. ఆ చివరి వాక్యం దగ్గరికొచ్చి, దాన్ని దాటేసి, అయిపోయిందన్నాడు.

ఓబయ్య, కరగకుండా దిమ్మెల మీద పోసిన పొట్టును చేత్తో సర్దాడు. "ఒక ముక్క మింగినావే. నా మనమరాలు నీ కంటే బాగా చదవతాది."

"అది... నేను అల్లింది మామా. నాకు తెలీదు. రేపు అదే చెప్తాను."

"ఒక కేక అని రాసినావు." ముసలాడి గొంతు మామూలుగానే ఉంది, వాన గురించి చెబుతున్నట్టు. "మూడు. రెండుసార్లు నన్ను పేరు పెట్టి పిలిచినాడు. మూడోసారి తిట్టినాడు. ఇంజను ఆపి పడవ తిప్పితే అల పక్కవాటంగా కొట్టేది. లోపల ఇంకా నలుగురుండారు. చుక్కాని దగ్గిర నేనొక్కణ్ణే ఉండా. ఇంజను మోతలో వాళ్లకేం ఇనపడలా."

పెంచల్ ఫోను గోనెసంచి మీద బోర్లా పెట్టాడు.

"నువ్వు తెలీకుండా రాసినావు. అల్లినానని రేపు చెప్పు, నీకు అబద్ధమూ కాదు. నన్ను కర్పూరం దగ్గిరికి లాగబాకు. లాగితే ఇన్లేదనే చెప్తా. ముసిలోణ్ణి, ఈ వయసులో ఊరి ముందర తల దించలేను. ఆ తర్వాత పడవకేమైనా అయితే, నీ అక్కకు నువ్వే సమాధానం చెప్పుకో."

గంగమ్మ రాయి అని రాసినవాడికి ఆ మాటకు భయం వేసింది.

మర్నాడు సాయంత్రం ఊరంతా చేరింది. పెంచల్ చేయి చాచాడు. పెద్దకాపు అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగించాడు. పెంచల్ గుప్పిట మూసి ఆర్పి, "నేను కల్పించి రాసినాను" అన్నాడు. అది నిజమే. అంత నిజమైన మాట ఆ ఏడాది మొత్తంలో అతను రాయలేదు.

ఎవరో పకపకా నవ్వారు. "ఓరి వీడి రాతలు పాడుగాను! ఇంకేమేం కల్పించినాడో కనుక్కోండి రా!" అంది గుంపులోంచి మస్తానమ్మ. అందరూ నవ్వారు. గణేష్ కూడా నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు.

పెద్దకాపు సరేనని లేవబోయాడు. అప్పుడు ఓబయ్య ముందుకొచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. నవ్వులు విని గుండె తేలికైందో, పదిహేనేళ్ల బరువు ఇక్కడే దించేద్దామనుకున్నాడో, తనే కర్పూరం తీసుకుని వెలిగించి అరచేత్తో అదిమాడు.

"గంగమ్మ సాక్షి. ఆ పొద్దు నేనేమీ ఇన్లేదు."

జనం అమ్మా గంగమ్మా అని దండం పెట్టారు.

తెల్లవారుతుండగా పరుగున ఒడ్డుకు పోయాడు. వల ఎక్కిస్తున్న గణేష్ చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఈ పొద్దు పోబాక."

"ఏందబ్బా, కల గన్నావా?"

"నేను రాసింది నిజం. మామే చెప్పినాడు నాకు. నిన్న అబద్ధానికి ఆర్పినాడు."

గణేష్ తనతో అదే పడవలో పోయే ముఖేష్ వైపు చూసి కన్ను గీటాడు. "ఇన్నావా, మా బామ్మర్ది ఇంకోటి రాస్తన్నాడు. నిన్న కల్పనంటివి, ఈ పొద్దు నిజమంటివి. గంగమ్మ రాయి అని రాసింది నువ్వే గదరా? మళ్లీ ఈ బయమేంది?" చెయ్యి విదిలించుకున్నాడు. "పో, పోయి పడుకో."

చుక్కాని దగ్గర ఓబయ్య ఇటు చూడనేలేదు. మిగతా ఐదుగురూ భుజాలు ఆనించి పడవను అలలోకి తోసి ఎక్కారు. ఇంజను అందుకుంది. మొదటి అల దాటింది, రెండోది దాటింది. తూర్పున మబ్బు అడుగు నల్లగా ఉంది.

వెనకనుంచి సుభాషిణి వచ్చింది, చంకలో బిడ్డతో.

"ఏరా, అంత ఆత్రంగా పరిగెత్తినావు? మీ బావతో ఏం చెప్పినావు?"

పెంచల్ సముద్రంవైపే చూస్తున్నాడు. పడవ చిన్నదవుతోంది.

"ఏం లేదక్కా" అన్నాడు. "ఊరికే."