చచ్చిన బ్యాటరీ, రెండు చీటీలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అరకు కొండల్లోని ఒక చిన్న ఆసుపత్రికి కంప్యూటర్ పని చూసేవాణ్ణి. పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఎవరెవరికి ఉందో ఊరూరా పరీక్షించి జాబితా రాసేవాళ్ళం. పేరు బయటపడితే సంబంధాలు చెడిపోతాయని జనం భయం. అందుకే ఆ జాబితాలకు తాళం వేసే పని నామీద పడింది.

తాళం నేను చేసింది కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన క్రిప్టోగ్రఫీ లైబ్రరీ, అంటే రాతల్ని ఇతరులు చదవలేకుండా మార్చే ప్రోగ్రాముల కట్ట. విశాఖ నెట్ సెంటర్లో దించుకొచ్చాను. తాళంచెవి పుట్టించడానికి ఎవరూ ఊహించలేని అంకె ఇవ్వాలనీ, గడియారాన్ని నమ్ముకోవద్దనీ అందులో స్పష్టంగా రాసుంది. చదివాను. నాకు చెప్పొచ్చారా అనుకుని, కంప్యూటర్లోని తేదీ, గంట, నిమిషమే ఇచ్చేశాను. నా పొగరు అలాంటిది.

మా కంప్యూటర్లో గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు పోయి వస్తే తేదీ మళ్ళీ మొదటికొచ్చేది. చుట్టూ కరెంటు ప్రాజెక్టులు, మాకేమో రోజూ కోతలు. దీపం కిందే చీకటి.

ఒకరోజు సీలేరు, డొంకరాయి కేంద్రాలకు ఫ్లాపీలు జీపులో వెళ్ళిపోయాయి. వాటిని తెరిచే అక్షరాల చీటీలు ముందురోజే కవర్లలో వెళ్ళాయి. టైపు చేసిన నర్సు, ఆ కొండల మనిషే, చీటీల నకళ్ళు రాసుకున్న రిజిస్టరు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"సారూ, ఈ రెండు సీటీలూ ఒక్కలాగే ఉన్నాయేటి?"

చూశాను. అక్షరం తేడా లేదు. మొదటిదీ కరెంటు వచ్చిన వెంటనే చేసిందే; రెంటికీ మధ్య మళ్ళీ కరెంటు పోయి వచ్చింది. మిషన్ లేవగానే నా ప్రోగ్రాం దానంతటదే మొదలై, పాత తేదీతో పాత తాళంచెవినే మళ్ళీ చేసింది. అంటే ఒక కేంద్రం చీటీతో రెండో కేంద్రం జాబితా కూడా తెరుచుకుంటుంది.

అప్పుడు చెప్పింది, సీలేరు జాబితాలో తన పేరు కూడా ఉందని. జనానికి ధైర్యం చెప్పడానికి ముందు తనే పరీక్ష చేయించుకుందట. తనకి పెళ్ళిమాటలు నడుస్తున్న అబ్బాయికి అన్నే డొంకరాయి కేంద్రంలో గుమాస్తా. అబ్బాయికి తనే చెప్పాలనుకుంది.

ఫోన్ కలవలేదు. బండి మీద బయల్దేరాం. సీలేరులో కేంద్రానికి తాళం. జీపు డ్రైవరు రెండు ఫ్లాపీలూ డొంకరాయికే పట్టుకెళ్ళాడని పక్క టీ కొట్టతను చెప్పాడు. దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

డొంకరాయిలో గుమాస్తా కుర్చీలు వేసి, నన్ను మెచ్చుకున్నాడు. సీలేరు ఫ్లాపీ కూడా తన చీటీతోనే తెరుచుకుందట, భలే సుళువుగా ఉందట.

ఎంతవరకు చూశావని ఆమె అడిగింది.

"మొదటి పేజీ సూత్తన్నాను, కరెంటు పోనాది. ఇంకా రాలేదు."

ఆమె పేరు మూడో పేజీలో ఉంది. ఏదో పొరపాటు జరిగిందని చెప్పి ఫ్లాపీ తీసేసుకున్నాను.

తిరుగు దారిలో ఆగకుండా మాట్లాడాను. గడియారం తీసేస్తాను, లైబ్రరీ చెప్పినట్టే చేస్తాను, చీటీలు నేనే సరిచూస్తాను అని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఘాట్ రోడ్డు సగం దిగాక ఆమె నోరు విప్పింది.

"సారూ, ఈపాలి జాబితాలో నా పేరు ఎక్కించకండి."

సరేనన్నాను.